ఒళ్ళు నొప్పులకు కాపడమా, బామా, గోలీయా? కొత్తగా నడక, జిమ్ మొదలుపెట్టినవాళ్ళకు

హైదరాబాద్‌లో పొద్దున్నే కేబీఆర్ పార్కుకో ఇందిరా పార్కుకో నడకకు పోవడం, లేదా కాలనీ పార్కులోని ఓపెన్ జిమ్‌లో కాలూ చెయ్యీ ఆడించడం మొదలుపెట్టి, వారం తిరక్కుండానే మానేసేవాళ్ళు మన చుట్టూ ఎంతోమంది. బద్ధకమని ఎగతాళి చేస్తాం గానీ చాలాసార్లు మానిపించేది నొప్పే. రెండో రోజు తొడలు పట్టేస్తాయి. మూడో రోజు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఇంట్లో అమ్మ కాపడం పెట్టుకోమంటుంది, జిమ్ ట్రైనర్ ఐస్ అంటాడు, ఆఫీసులో ఎవరో డ్రాయర్‌లోంచి స్ప్రే తీసిస్తారు, మెడికల్ షాపులో గోలీ ఇస్తారు. ఇవన్నీ ఎంతోకొంత పనిచేసేవే. మీకు ఏది, ఎప్పుడు అన్నదగ్గరే తికమక.

ముందు నొప్పి కండరాలదా, కీళ్ళదా?

ఇది తేల్చుకోకుండా ఏ మందు ఎంచుకున్నా చీకట్లో బాణమే.

కొత్త పనికి అలవాటు లేని కండరం ఆ రోజు మామూలుగానే ఉంటుంది. 12 నుంచి 24 గంటల తర్వాత నొప్పి మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా ముదిరి, వారంలోపు దానంతటదే పోతుంది. సాధారణంగా రెండు కాళ్ళకూ ఉంటుంది, నొక్కితే నొస్తుంది. లేచిన కొత్తల్లో బిగుసుకుపోయినట్టున్నా నాలుగడుగులు వేసేసరికి సడలుతుంది. బరువు మోస్తూ కండరం సాగాల్సి వచ్చినప్పుడు లోపలి పోగులు సూక్ష్మంగా దెబ్బతిని, వాటిని బాగుచేసుకునే క్రమంలో వచ్చే వాపు ఇది. అందుకే గోల్కొండ కోట ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ, మర్నాడు తొడలు నొచ్చేది దిగిన మెట్ల వల్ల. జూబ్లీహిల్స్ వాలు రోడ్ల మీద కిందికి పరుగెత్తినా ఇదే కథ. జిమ్‌లో చెప్పే ‘లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది’ అన్న మాట పట్టించుకోకండి. అది వ్యాయామం ఆపిన గంట, గంటన్నరకే రక్తంలోంచి తొలగిపోతుంది, మూడో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు. ఇందులో ఒక మంచి సంగతీ ఉంది: అదే పని కొద్దిరోజులకు మళ్ళీ చేస్తే నొప్పి బాగా తక్కువగా వస్తుంది. కండరం నేర్చుకుంటుంది.

కీళ్ళ తీరు వేరు. ఎక్కడ నొప్పి అని అడిగితే కండరాల నొప్పి ఉన్నవాళ్ళు అరచేత్తో తొడంతా తడుముతారు. కీలు నొప్పి ఉన్నవాళ్ళు ఒక్క వేలితో చూపిస్తారు, మోకాలి చిప్ప కిందనో, లోపలి పక్కనో, మడమ దగ్గరో. మోటు లెక్కే, అయినా చాలావరకు దారి చూపిస్తుంది. తరచూ ఒకే కాలికి ఉంటుంది. వాపు, వేడి కనబడొచ్చు, వంచేటప్పుడు పట్టేసినట్టు అనిపించొచ్చు. నడిచేకొద్దీ సడలకుండా పెరుగుతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నొప్పి ఎంత తగ్గుతుంది అన్నది అందరూ చూసేదే. నన్నడిగితే అంతకన్నా ముందు రెండు చూడాలి. ఒకటి, దీనివల్ల ఎల్లుండి మళ్ళీ నడవగలనా, లేక నొప్పి తెలియకుండా చేసుకుని దెబ్బను పెంచుకుంటున్నానా? రెండు, నాకున్న బీపీ, షుగర్, గ్యాస్ట్రిక్, వాటికి వేసుకుంటున్న గోలీలు ఇందుకు ఒప్పుకుంటాయా? ఖర్చు, వీలు ఆ తర్వాత. వీపుకు తైలం రాసే మనిషి ఇంట్లో లేనప్పుడు మర్దన ఎంత మంచిదైనా ఒంటరిగా ఉండేవాళ్ళకు దక్కేది కాదు కదా.

| మార్గం | కండరాల నొప్పికి | కీళ్ళ నొప్పికి | ఖర్చు | ఎవరు జాగ్రత్తపడాలి |
|---|---|---|---|---|
| తేలిక కదలిక | బాగా పనికొస్తుంది | నొప్పి పెరగనంతవరకే | లేదు | కీలు వాచి ఉన్నవాళ్ళు |
| వేడి కాపడం | హాయి, బిగువు సడలుతుంది | పాత నొప్పికి సరే, కొత్త వాపుకు వద్దు | లేనట్టే | పాదాల్లో స్పర్శ తగ్గిన షుగర్ వాళ్ళు |
| ఐస్ | కొంత ఊరట | బెణుకు, కొత్త వాపుకు మంచిది | లేనట్టే | వాళ్ళే |
| నూనె మర్దన | బాగుంటుంది | కీలు మీద గట్టిగా వద్దు | ఇంట్లో అయితే తక్కువ | ఒక పిక్క మాత్రమే వాచినవాళ్ళు |
| బామ్, స్ప్రే | కాసేపు మరిపిస్తుంది | పెద్దగా లేదు | తక్కువ | పుండు, దద్దుర్లు ఉన్నవాళ్ళు |
| డైక్లోఫెనాక్ జెల్ | ఓ మోస్తరు | మోకాలికి, వేళ్ళ కీళ్ళకు బాగుంటుంది | తక్కువ | గర్భిణులు |
| నొప్పి గోలీ | ఒకటి రెండు రోజులకే | డాక్టర్ చెబితేనే | తక్కువ | బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్ళు |
| ఫిజియో | సాధారణంగా అక్కర్లేదు | అన్నిటికన్నా మేలు | ఎక్కువ | – |

విశ్రాంతా, కదలికా?

కండరాల నొప్పికి మంచం ఎక్కడం అంత మంచి ఎంపిక కాదు. కదలకపోతే బిగువు పెరుగుతుంది, నొప్పి తగ్గడమూ త్వరగా జరగదు. అలాగని నిన్న చేసిన పనే నొప్పి మీద మళ్ళీ చేయొద్దు. నిన్న గంట నడిస్తే ఇవాళ చదునైన దారిలో పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. కాళ్ళకు వ్యాయామం చేసినవాళ్ళు ఇవాళ చేతులకు చేసుకోవచ్చు. కదులుతున్నంతసేపు నొప్పి తగ్గినట్టుండి, ఆపాక కొంచెం తిరిగొస్తుంది, భయపడక్కర్లేదు. పైసా ఖర్చు లేని ఈ మార్గాన్నే నేను అన్నిటికన్నా ముందు పెడతాను. నిద్ర కూడా దీనికిందే లెక్క. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి అయిదింటికి పార్కుకు పరుగెత్తేవాళ్ళ కండరాలకు కోలుకునే వ్యవధి ఎక్కడిది?

కీలు నొప్పికి లెక్క మారుతుంది. ఫిజియోలు తరచూ చెప్పే కొలత ఒకటుంది. నడుస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు నాలుగు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వస్తే ఆ మోతాదు మీకు సరిపోయినట్టు. మర్నాటికీ మిగిలి ఉంటే దూరం తగ్గించాలి. మానేయడం వేరు, తగ్గించడం వేరు. మోకాళ్ళ విషయంలో మనవాళ్ళు నేరుగా మానేస్తారు, అక్కడే తొడ కండరం సన్నబడి నొప్పి ఇంకా పెరుగుతుంది.

కాపడం, ఐస్

పట్టేసిన కండరానికి వేడి, బెణికి వాచినదానికి చల్లదనం. ఇంతకుమించి గుర్తుపెట్టుకోవాల్సింది పెద్దగా లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ వంగి చప్పట్లు కొట్టి ఆడిన నడుముకు వేడినీళ్ళ సంచి ఇచ్చే సుఖం ఇంకేదీ ఇవ్వదు. సంచికి తువ్వాలు చుట్టి 15, 20 నిమిషాలు పెట్టుకోండి, పెట్టుకుని నిద్రపోకండి. చీలమండ మెలిక పడి వాచిన మొదటి రెండు రోజులు మాత్రం వేడి వద్దు, ఐస్ పెట్టండి. గడ్డను నేరుగా చర్మానికి ఆనించకుండా గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు. ఫ్రీజర్‌లో ఉన్న బఠాణీ ప్యాకెట్ మోకాలి చుట్టూ చక్కగా ఒదుగుతుంది.

ఏళ్ళ తరబడి షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్ళకు ఈ రెండూ ప్రమాదమే. వేడి తెలియక బొబ్బలెక్కుతాయి, ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. పాదాలను వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకునే అలవాటు మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఉంటే, నీళ్ళ వేడి ఇంకొకరు చేత్తో చూడాలి.

ఐస్ నీళ్ళ టబ్బులో కూర్చోవడం ఇప్పుడు జిమ్‌లలో ఫ్యాషన్. నొప్పి కొంత తగ్గించే మాట నిజమే. కానీ కండ పెంచుకోవడానికి బరువులెత్తేవాళ్ళు ప్రతిసారీ వెంటనే చల్లటి నీళ్ళలో దిగితే కండ పెరగడం మందగిస్తుందని పరిశోధనల్లో కనిపించింది. ఆదివారం పెద్ద పరుగు చేసినవాళ్ళకు సరే, వారానికి నాలుగు రోజులు బరువులెత్తేవాళ్ళకు నేనైతే వద్దంటాను.

నూనె మర్దన, రోలర్

కండరాల నొప్పిని తగ్గించడంలో మర్దనకు పరిశోధనల్లోనూ మంచి మార్కులే పడ్డాయి. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, పిక్కల మీద కిందినుంచి గుండె వైపు పైకి, మోస్తరు ఒత్తిడితో పది నిమిషాలు రాస్తే చాలు. నూనె గొప్పతనం కన్నా చేతి పనితనమే ఎక్కువ, కాబట్టి ఖరీదైన తైలం సీసా కోసం వెతకక్కర్లేదు. కర్పూరం వేసుకునేవాళ్ళు స్టవ్ ఆపి, గిన్నె కిందికి దించాకే బిళ్ళ వేయండి, అది ఇట్టే అంటుకుంటుంది. మిగిలిన నూనె పిల్లలకు అందకుండా పెట్టండి, కర్పూరం కడుపులోకి పోతే విషం.

రాసే మనిషి లేనివాళ్ళకు ఫోమ్ రోలర్ ఉంది, నేల మీద పెట్టి పైన కాలు ఆనించి దొర్లించే గట్టి స్పాంజి దిమ్మె. ఊరట తక్కువే గానీ ఒకసారి కొంటే ఏళ్ళు వస్తుంది. పాతబస్తీ పహిల్వాన్ల మాలిష్, పుత్తూరు కట్టు మీద చాలా ఇళ్ళలో గట్టి నమ్మకం. కండరాల బిగువుకు మాలిష్ చేయించుకోండి, కాదనను. వాచిన కీలును మాత్రం ఎక్స్‌రే తీయించకుండా ఎవరి చేతా లాగించొద్దు, కట్టించొద్దు.

బామ్, స్ప్రే, జెల్

మెడికల్ షాపు అద్దాల అలమరాలో ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి, చేసే పని మాత్రం ఒకటి కాదు. మెంథాల్, కర్పూరం, మిథైల్ శాలిసిలేట్ ఉన్న బామ్‌లు, స్ప్రేలు చర్మానికి చల్లదనమో మంటో కలిగించి మెదడు దృష్టిని నొప్పి నుంచి మళ్ళిస్తాయి. అరగంట, గంట ఊరట. ఆఫీసులో మీటింగ్ గట్టెక్కడానికి అది చాలు. డైక్లోఫెనాక్ ఉన్న జెల్ అయితే చర్మంలోంచి లోపలికి దిగి వాపు మీద పనిచేస్తుంది. మోకాలు, వేళ్ళ కీళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి అక్కడ ఫలితం బాగుంటుంది. తుంటిలాంటి లోతైన కీలుకు అంతగా చేరదు. మందు రక్తంలో కలిసేది గోలీతో పోలిస్తే చాలా తక్కువ, అందుకే పెద్దవాళ్ళకు గోలీ కన్నా ముందు ఇదే చూడాలి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో డైక్లోఫెనాక్ అన్న పేరు ఉందో లేదో చూసి కొనండి. ఒకసారి రాసి వదిలేస్తే లాభం లేదు, రోజుకు మూడు నాలుగుసార్లు చొప్పున కొన్ని రోజులు రాయాలి.

బామ్ రాసి దానిమీద వేడి కాపడం పెట్టడం, బిగుతుగా గుడ్డ చుట్టడం మన ఇళ్ళలో మామూలు. చర్మం కాలి బొబ్బలు రావచ్చు. ఏదో ఒకటే చేయండి.

గోలీలు: ఇక్కడ కాస్త ఆగాలి

‘ఒళ్ళు నొప్పులకు ఏదన్నా గోలీ ఇవ్వు భయ్యా’ అంటే షాపతను స్ట్రిప్‌లోంచి రెండు గోలీలు కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసిస్తాడు. ఆ ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, గడువు తేదీ మిగతా స్ట్రిప్ మీదే ఉండిపోతుంది. తరచూ అది ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన గోలీ. సంగతి తెలియక ఇంటికొచ్చి దానిమీద ఇంకో పారాసిటమాల్ 650 వేసుకుంటే అదే మందు రెండుసార్లు పోయినట్టు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కూడా పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు, కాలేయం బాగాలేనివాళ్ళకు, రోజూ మద్యం తాగేవాళ్ళకు ఆ హద్దు ఇంకా తక్కువ. కత్తిరించకముందే స్ట్రిప్‌ను ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

కండరాల నొప్పికి గోలీ కావాల్సివస్తే ముందు పారాసిటమాల్. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి వాపు మీద కూడా పనిచేస్తాయి, కాదనను. కానీ కడుపులో పుండ్లు, కిడ్నీ మీద భారం, బీపీ పెరగడం వాటి వెంటే వస్తాయి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందుతో పాటు మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే గోలీ కూడా వేసుకుంటున్నవాళ్ళకు వీటివల్ల కిడ్నీకి నిజమైన ముప్పు. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే రక్తస్రావం భయం. పరుగుకు ముందే ‘నొప్పి రాకుండా’ ఒకటి వేసుకునే అలవాటు మరీ చెడ్డది. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్న సమయంలో కిడ్నీకి అది రెండో దెబ్బ, పైగా ఆగమని చెప్పే నొప్పే తెలియకుండా పోతుంది.

వానాకాలంలో ఇంకొకటి. ఒళ్ళు నొప్పులతో పాటు జ్వరం ఉంటే అది వ్యాయామం వల్ల వచ్చిన నొప్పి కాదు. నగరంలో వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం వచ్చేదాకా డెంగీ ఉంటుంది. అప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు, రక్తస్రావం ముదరొచ్చు. పారాసిటమాల్ ఒక్కటే వేసుకుని దగ్గరి బస్తీ దవాఖానాలోనో, తెలిసిన డాక్టర్ దగ్గరో రక్తం చూపించుకోవాలి.

ఫిజియో

కీలు నొప్పి రెండు వారాలు దాటితే డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. ప్రైవేటులో సిట్టింగ్‌కు కొన్ని వందలవుతుంది. గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లోనూ ఫిజియోథెరపీ విభాగాలున్నాయి, ఓపీలో వేచి ఉండే ఓపిక కావాలి. మంచి ఫిజియోను గుర్తుపట్టడం తేలికే. మోకాలికి కరెంటు ప్యాడ్లు అంటించి ఇరవై నిమిషాలకు పంపించేసి, పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టమంటే ఇంకో చోటు చూసుకోండి. మీరు నడిచే తీరు చూసి, తొడ బలం పరీక్షించి, ఇంట్లో చేసుకోవాల్సిన మూడు నాలుగు వ్యాయామాలు నేర్పి, వచ్చేసారి అవి చేయించి చూస్తే ఆ డబ్బు దండగ కాదు. ఫలితానికి ఆరు వారాలకు తక్కువ పట్టదు.

పెద్దగా లెక్కలోకి రానివి

స్ట్రెచింగ్ ఒంటికి మంచిదే గానీ మర్నాటి నొప్పిని అది తగ్గించేది చాలా స్వల్పమని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. ఎప్సమ్ ఉప్పు నీళ్ళలో సుఖం ఉప్పుది కాదు, వేడినీళ్ళది. పసుపు పాలు తాగండి, మందనుకోకండి.

మీరెవరు అన్నదాన్ని బట్టి

*గచ్చిబౌలి, మాదాపూర్‌లో వారమంతా కుర్చీలో ఉండి శనాదివారాలు ఆడేవాళ్ళు.* అయిదు రోజుల కదలికంతా రెండు గంటల షటిల్‌లో తీర్చుకోబోతే సోమవారం నరకమే. మీకు తేలిక నడక, వేడినీళ్ళ స్నానం చాలు, మరీ అయితే ఒక పారాసిటమాల్. మధ్యలో బుధవారం ఒక అరగంట చేర్చుకుంటే బామ్ ఖర్చు తగ్గుతుంది. కొత్త జిమ్‌లో మొదటి రోజే ట్రైనర్ వందల గుంజీలు తీయించిన తర్వాత తొడలు విపరీతంగా ఉబ్బి, మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఇంట్లో ఉండొద్దు. దెబ్బతిన్న కండరం రక్తంలోకి వదిలే పదార్థాలు కిడ్నీని కొడతాయి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

*యాభై దాటి, బీపీ, షుగర్ ఉండి డాక్టర్ చెబితే నడక మొదలుపెట్టినవాళ్ళు.* జెల్ ముందు, గోలీ చివర. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వాడుతూ, వారం దాటినా రెండు తొడలూ నొప్పిగా, బలహీనంగా ఉంటే ఆ మందు వల్ల కూడా కావచ్చు. సొంతంగా మానేయకుండా డాక్టర్‌కు చెప్పండి, రక్తపరీక్షతో తేలుతుంది. నడుస్తుంటే ఛాతీలో, దవడలో, ఎడమ చేతిలో నొప్పి వచ్చి ఆగితే పోతోందంటే దానికి బామ్ రాయకండి, గుండె డాక్టర్‌ను కలవండి. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, మర్దన చేయకుండా అదే రోజు చూపించుకోవాలి.

*‘గుజ్జు అరిగింది’ అనిపించుకున్న మోకాళ్ళవాళ్ళు.* అరిగిందంటే నడక మానేయాలని కాదు. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవడం, మెట్లు ఎక్కువగా దిగడం కొన్నాళ్ళు తగ్గించి, చదును నేల మీద పొద్దున కొంత, సాయంత్రం కొంత నడవండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, పడుకుని కాలు తిన్నగా పైకెత్తడం పదిసార్లు, రోజూ. జెల్, ఫిజియో మీకు సరైన జోడీ.

*పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో సూది దిగినట్టుండేవాళ్ళు.* అరికాలి పట్టీ వాపు ఇది. ఇంట్లో మార్బుల్, గ్రానైట్ నేల మీద ఉత్త కాళ్ళతో తిరగడం ఆపి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోండి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాను అరికాలి కింద దొర్లించండి, పిక్కలను సాగదీయండి. స్ట్రెచింగ్ నిజంగా పనికొచ్చే చోటు ఇదే. గోలీలతో లాభం తక్కువ.

*ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు తయారవుతున్నవాళ్ళు.* ఈ పరుగులో ఫ్లైఓవర్లు బోలెడు, అందరూ ఎక్కడం సాధన చేస్తారు, తొడలు పట్టించేది దిగడం. వారానికొకసారి చిన్న వాలు మీద నెమ్మదిగా దిగే పరుగు చేర్చుకుంటే కండరం ముందే అలవాటు పడుతుంది. పెద్ద పరుగు మర్నాడు మర్దన, తేలిక నడక చాలు. మోకాలి కింద ముందువైపు ఉండే ముంగాలి ఎముక మీద ఒక్క వేలితో నొక్కినచోటే కలుక్కుమంటూ, రాత్రి పడుకున్నా నొస్తుంటే పరుగు అక్కడికక్కడ ఆపేసి ఎముకల డాక్టర్‌ను కలవండి. ఎముకలో సన్నటి పగులు మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్నారని మళ్ళీ షూ కట్టుకోకుండా, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి.